థీసిస్ నుంచి జర్నల్ పేపర్ దాకా: మెడికల్ పీజీలు ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

థీసిస్ బైండింగ్ చేయించి యూనివర్సిటీకి ఇచ్చేశాక, అదే ఫైలును కాస్త కుదించి జర్నల్‌కు పంపితే పేపర్ అయిపోతుందనుకుంటారు చాలామంది పీజీలు. పని చెడేది అక్కడే. థీసిస్‌లో మీరు ఎంత చదివారో చూపించాలి. పేపర్‌లో మాత్రం ఒక ప్రశ్న, దానికి దొరికిన జవాబు, ఆ జవాబును ఎందుకు నమ్మాలి అనేవే ఉండాలి. వంద పేజీలను కత్తిరిస్తూ కూర్చునే కన్నా టేబుళ్లు ఉంచుకుని మిగతాది కొత్తగా రాసుకుంటే తొందరగా తెములుతుంది.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక స్టడీ పట్టుకుందాం. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బడుల్లో పన్నెండేళ్ల పిల్లల పళ్లు చూసి, డెంటల్ ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద వచ్చే మచ్చలు, ఎంతమందిలో ఉందో లెక్కతీశారనుకోండి. మీది పాముకాటు కేసులైనా, పురుగుమందు తాగి సర్కారు దవాఖానకు వచ్చిన కేసులైనా పని వరస ఇదే.

రాయకముందు చూసుకోవాల్సిన కాగితాలు

మొట్టమొదట ఎథిక్స్ కమిటీ లెటర్ తీసి తేదీ చూడండి. డేటా సేకరణ మొదలైన తేదీ దానికంటే ముందుంటే ఆ పేపర్‌ను ఏ మంచి జర్నలూ తీసుకోదు, ఎంత బాగా రాసినా సరే. పాత కేస్ షీట్లు తిరగేసి చేసే స్టడీకి కూడా అనుమతి కావాలి. పేషెంట్ల కన్సెంట్ అక్కర్లేదని మినహాయింపు ఇవ్వాల్సింది కూడా కమిటీయే, మీరు కాదు. లెటర్‌లో ఉన్న స్టడీ పేరు, పేపర్‌లో రాస్తున్న స్టడీ ఒకటేనా అన్నది కూడా చూసుకోండి. థీసిస్ మధ్యలో టైటిల్ మార్చి కమిటీకి చెప్పడం మరిచిపోతే, ఎడిటర్ లెటర్ కాపీ అడిగిన రోజున ఇబ్బంది పడతారు.

పేషెంట్లకు మందో చికిత్సో కేటాయించి ఫలితం చూసే స్టడీ అయితే సీటీఆర్ఐలో, అంటే దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో, రిజిస్ట్రేషన్ ఉండాలి. అదీ మొదటి పేషెంటును చేర్చుకోకముందే. 2018 ఏప్రిల్ 1 నుంచి సీటీఆర్ఐ వెనకటి తేదీ స్టడీలను రిజిస్టర్ చేయడం మానేసింది. ఇది తప్పితే తర్వాత సరిదిద్దే దారి లేదు కాబట్టి, ఫస్టియర్‌లో ప్రోటోకాల్ పెట్టేనాడే చూసుకోవాల్సిన పని.

ఇక కన్సెంట్. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ మాట్లాడే ఇళ్లు, మహబూబ్‌నగర్ టౌన్‌లో ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఉంటాయి. ఫారం తెలుగులో ఉంది, సంతకం ఉంది అన్నది చాలదు. ఎవరు చదివి వినిపించారో, ఏ భాషలో చెప్పారో మెథడ్స్‌లో ఒక వాక్యం రాయండి. పిల్లల స్టడీలో తల్లిదండ్రుల కన్సెంట్ వేరు, పిల్లల ఒప్పుదల వేరు. రెండూ తీసుకున్నట్టు రాయాలి.

ఫొటో వేస్తే దానికి మళ్లీ విడిగా రాతపూర్వక అనుమతి ఉండాలి. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోతుందన్నది పాత అలవాటు. మనిషిని గుర్తుపట్టకుండా ఉండడానికి అది చాలదని మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, అంటే ఐసీఎంజేఈ, తన సిఫార్సుల్లోనే రాసింది. పళ్ల ఫొటో అయితే పెదవుల దాకా క్రాప్ చేయండి, ముఖం ఎందుకు? ఊరి పేరు విషయంలోనూ జాగ్రత్త పడాలి. నలభై ఇళ్ల తండా పేరు రాసి, "స్కెలిటల్ ఫ్లోరోసిస్ (ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్) ఉన్న 62 ఏళ్ల మగ మనిషి" అంటే ఆ మండలంలో అందరికీ ఆయనెవరో తెలిసిపోతుంది. మండలం పేరు దగ్గర ఆపండి.

జర్నల్ ముందు, రాయడం తర్వాత

పేపర్ అంతా రాసి, ఆఖర్న జర్నల్ వెతుక్కోవడం తలకిందుల పని. పదాల పరిమితి, రిఫరెన్సుల సంఖ్య, ఎన్ని టేబుళ్లు ఒప్పుకుంటారు, అబ్‌స్ట్రాక్ట్ హెడింగులు ఏవి అనేవన్నీ జర్నల్‌ను బట్టి మారతాయి. మీరు చదివి రిఫరెన్సుల్లో వేసుకున్న పేపర్లు ఎక్కువగా ఏ జర్నల్స్‌లో వచ్చాయో చూడండి, మీ చదువరులు అక్కడే ఉన్నారు. బడిపిల్లల సర్వే అయితే ఇండియన్ జర్నల్ ఆఫ్ కమ్యూనిటీ మెడిసిన్, పిల్లల వైద్యమైతే ఇండియన్ పీడియాట్రిక్స్, ఇంకా విస్తృతమైన అంశమైతే ఐసీఎంఆర్ వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ లాంటివి చూడొచ్చు. వరసగా మూడు పేర్లు రాసి పెట్టుకోండి. మొదటిది కాదంటే రెండోదానికి పంపడానికి మళ్లీ మీటింగ్ అక్కర్లేదు.

ఇండెక్సింగ్, అంటే జర్నల్ ఏ గుర్తింపు జాబితాల్లో ఉందన్న విషయం, జర్నల్ తన వెబ్‌సైట్‌లో రాసుకున్న మాట మీద నమ్మొద్దు. మెడ్‌లైన్‌లో ఉందా లేదా అన్నది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం (ఎన్ఎల్ఎం) క్యాటలాగ్‌లో జర్నల్ పేరు కొడితే తెలుస్తుంది. పబ్‌మెడ్‌లో వెతికితే ఒక పేపర్ కనిపించిందంటే ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు, పూర్తి పేపర్లను ఉచితంగా ఉంచే పీఎంసీ ద్వారా వచ్చినవీ అక్కడ కనిపిస్తాయి. స్కోపస్‌కు, ఉచితంగా చదవగలిగే జర్నల్స్ జాబితా అయిన డీఓఏజేకు వేటి జాబితా వాటికే ఉంది. గూగుల్ స్కాలర్‌లో కనిపించడం ఇండెక్సింగే కాదు. ప్రమోషన్ కోసం పేపర్ అవసరమైనవాళ్లు ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) తాజా రూల్స్‌లో ఏ ఇండెక్సులు ఒప్పుకుంటున్నారో, ఆథర్ల వరసలో ఎన్నో స్థానం దాకా లెక్కలోకి వస్తుందో సబ్మిట్ చేయకముందే చదువుకోవాలి. ఆ రూల్స్ మారుతుంటాయి, సీనియర్ చెప్పిన మాట పాతబడి ఉండొచ్చు.

"మీ విలువైన పేపర్ పంపండి, మూడు రోజుల్లో ఆక్సెప్టెన్స్" అని మెయిల్ వస్తే తెరవకుండా తీసేయండి. అంత తొందరగా నిజమైన రివ్యూ జరగదు. అసలు జర్నల్ పేరుతోనే నకిలీ సైట్లు నడిపేవాళ్లూ ఉన్నారు. కాబట్టి జర్నల్ గుర్తింపు నంబరైన ఐఎస్ఎస్ఎన్ సరిచూసి, అందులో పేపర్ వేసినవాళ్లు తెలిసినవాళ్లైతే ఫోన్ చేసి అడగండి. డబ్బు కట్టే జర్నల్స్ అన్నీ మోసం కాదు. కానీ ఎంత, ఎప్పుడు కట్టాలి అన్నది రేటు కార్డులా సైట్‌లో బహిరంగంగా లేకపోతే అటు పోవద్దు.

రాసే వరస

టైటిల్ నుంచి మొదలుపెట్టకండి. మొదట టేబుళ్లు, తర్వాత మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్, ఆపైన ఇంట్రడక్షన్, చివర్లో అబ్‌స్ట్రాక్ట్, టైటిల్. థీసిస్‌లో ఇరవై ఐదు టేబుళ్లు ఉంటాయి. పేపర్‌కు నాలుగో ఐదో కావాలి. మీ ప్రశ్నకు జవాబు చెప్పే టేబుల్ ఏదో గుర్తించి దాన్ని మధ్యలో పెట్టుకోండి. మొదటి టేబుల్ పిల్లల వివరాలది. మిగతావాటిలో జవాబుకు పనికిరానివి తీసేయండి. ఒకే అంకెలను టేబుల్‌లోనూ, బార్ డయాగ్రమ్‌లోనూ రెండుసార్లు చూపించొద్దు.

మెథడ్స్ మొదలుపెట్టే ముందు మీ స్టడీ రకానికి తగిన చెక్‌లిస్ట్ దించుకోండి. సర్వేలకు, కేస్ కంట్రోల్, కోహార్ట్ స్టడీలకు స్ట్రోబ్ ఉంది, అందులో 22 అంశాలు. ట్రయల్స్‌కు కన్సార్ట్, సిస్టమాటిక్ రివ్యూలకు ప్రిస్మా, ఒక్క కేసు రిపోర్టుకు కేర్. అన్నీ ఈక్వేటర్ నెట్‌వర్క్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాసేశాక నింపితే ఏం లాభం? పక్కన పెట్టుకుని రాయాలి.

పేపర్లో రివ్యూవర్, అంటే జర్నల్ తరఫున పేపర్‌ను పరీక్షించే నిపుణుడు, ఎక్కువసేపు ఆగే చోటు మెథడ్సే. మన ఫ్లోరోసిస్ స్టడీనే తీసుకుంటే అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి.

శాంపిల్ సైజ్ ఎలా వచ్చింది? పాత స్టడీ ప్రకారం 30 శాతం పిల్లల్లో ఉంటుందనుకుని, 5 శాతం అటూఇటూ తేడాకు సిద్ధపడితే, 1.96 స్క్వేర్‌ను 0.3తో, 0.7తో గుణించి 0.05 స్క్వేర్‌తో భాగిస్తే 323 వస్తుంది. చాలా థీసిస్‌లు అక్కడే ఆగిపోతాయి. కానీ మీరు పిల్లలను ఒక్కొక్కరిగా ఎంచుకోలేదు, బడులను ఎంచుకున్నారు. ఒకే బడిలో పిల్లలు ఒకే ఊరి నీళ్లు తాగుతారు కాబట్టి వాళ్ల పళ్లు కూడా ఒకేలా ఉంటాయి, అంటే మీ చేతిలో ఉన్న సమాచారం తలల లెక్కకన్నా తక్కువ. అందుకే డిజైన్ ఎఫెక్ట్ వేయాలి, అంటే ఇలా గుంపులుగా ఎంచుకున్నందుకు శాంపిల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే అంకె. అది 2 అనుకుంటే 646 మంది కావాలి, రానివాళ్ల కోసం మరో పది శాతం. అనాలిసిస్‌లోనూ బడుల గుంపును లెక్కలోకి తీసుకున్నామని రాయాలి. థీసిస్ 323 మందితో అయిపోయి ఉంటే ఇప్పుడు చేసేదేమీ లేదు. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌ను (అసలు శాతం ఉండగల హద్దులను) ఆ ప్రకారం వెడల్పుగా చూపించి, లిమిటేషన్స్‌లో నేరుగా ఒప్పుకోండి. దాచిపెడితే రివ్యూవరే బయటికి తీస్తాడు, అప్పుడు నమ్మకం పోతుంది.

పళ్లు ఎవరు చూశారు? ఫ్లోరోసిస్ తీవ్రతను కొలిచే డీన్స్ ఇండెక్స్ వాడితే అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లను బట్టి స్కోరు వేస్తారు. ఆ రెండూ సమానంగా లేకపోతే తక్కువ దెబ్బతిన్నదాని స్కోరే తీసుకోవాలి. ఈ నియమం పాటించామని రాయండి. ఇద్దరు చూసి ఉంటే ఇద్దరి మధ్య ఏకీభావం ఎంత అన్నది కప్పా విలువతో చెప్పండి.

నీళ్లు ఎలా పరీక్షించారు? శాంపిల్‌ను గాజు సీసాలో పట్టారా, ప్లాస్టిక్ సీసాలోనా? ఫ్లోరైడ్‌కు గాజు పనికిరాదు, పాలిథిన్ సీసా అనే మాట పేపర్‌లో కనిపించాలి. ఫ్లోరైడ్‌ను కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ వాడితే, దానికి తోడుగా వాడే టిసాబ్ బఫర్ ద్రావణం కలిపారని రాయాలి. దేంతో పోల్చారో కూడా చెప్పాలి: తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీటివనరు లేనప్పుడు 1.5 దాకా.

అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఒకటుంది. ముందు పళ్ల ఎనామెల్ తయారయ్యేది చిన్నతనంలో, మొదటి మూడు నాలుగేళ్లలో. పన్నెండేళ్ల పిల్ల పంటి మీద మచ్చలకు కారణం అప్పుడు తాగిన నీళ్లు. మీరు పరీక్షించింది ఈరోజు నల్లాలో వచ్చే నీళ్లు. మధ్యలో మిషన్ భగీరథ వచ్చి బోరు నీళ్లు తాగే ఇళ్లు కృష్ణా నీళ్లకు మారాయి. కాబట్టి ఆ ఇంటికి ఏ సంవత్సరం నుంచి నల్లా నీళ్లు వస్తున్నాయి, అంతకుముందు ఏ బోరువి తాగేవాళ్లు, ఇప్పటికీ పొలం దగ్గర ఏవి తాగుతున్నారు అన్నవి ప్రశ్నాపత్రంలో లేకపోతే, నేటి నీటిలో ఫ్లోరైడ్‌కూ పళ్లకూ సంబంధం ఉందనో లేదనో తేల్చడం కుదరదు. అప్పుడు పేపర్ ప్రశ్నను మార్చుకోవాలి. "ఎంతమందిలో ఉంది" అన్నదానికి మాత్రమే జవాబు చెప్పి, కారణం జోలికి పోకూడదు. పాలమూరు పిల్లలైతే ఇంకో చిక్కు ఉంది. అమ్మానాన్నలతో ముంబైకో పుణెకో వలసపోయి, కొన్నేళ్లు అక్కడి నీళ్లు తాగి తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. "పుట్టినప్పటి నుంచి ఊళ్లోనే ఉన్నవాళ్లు" అన్న నియమం పెట్టారా, పెడితే ఎలా నిర్ధారించారు అన్నది రాయండి.

జిల్లా హద్దులు కూడా మెథడ్స్‌లోకే వస్తాయి. 2016 అక్టోబర్ 11కు ముందు నల్గొండ అంటే నేటి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కలిసిన జిల్లా. పాత పేపర్‌లోని "నల్గొండ" శాతాన్ని మీ శాతంతో పక్కపక్కన పెట్టి తగ్గిందని రాసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. మహబూబ్‌నగర్ విషయమూ అంతే, పాత జిల్లా ఇప్పుడు అయిదు జిల్లాలు.

రిజల్ట్స్‌లో లెక్క కుదరాలి. బడుల్లో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఆ రోజు రాలేదు, ఎంతమంది తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, చివరికి ఎంతమందిని చూశారు అన్న వరస ఇచ్చి, ఆఖరి అంకె అబ్‌స్ట్రాక్ట్‌లో, టేబుల్‌లో, డిస్కషన్‌లో ఒకటేనా అని పెన్ను పట్టుకుని సరిచూడండి. స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్ఎస్ చూపించే 0.000 అన్నది పీ విలువ కాదు, 0.001 కన్నా తక్కువ అని రాయాలి. మిగతాచోట్ల 0.05 కన్నా తక్కువ అని తేల్చేయకుండా 0.03 అయితే 0.03 అనే రాయండి, పక్కన 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఇవ్వండి. పన్నెండు మందిలో ఏడుగురిని 58.33 శాతం అనకండి, పన్నెండులో ఏడు అంటే చాలు.

డిస్కషన్ మొదటి పేరాలో మీకు దొరికింది ఏమిటో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. తర్వాత పాత స్టడీలతో ఎక్కడ కలిసింది, ఎక్కడ కలవలేదు, ఎందుకు. "ఫలానా వారు 42 శాతం, ఫలానా వారు 38 శాతం అన్నారు" అని జాబితా అల్లుకుంటూ పోతే అది డిస్కషన్ కాదు. "ఈ ప్రాంతంలో ఇదే మొదటి స్టడీ" అనే మాట మాత్రం ఆచితూచి రాయండి. నల్గొండ ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. రివ్యూవర్‌కు ఇవన్నీ తెలిసే ఉంటాయి.

ఇంట్రడక్షన్ మూడు పేరాలు దాటొద్దు: సమస్య ఏమిటి, ఇప్పటిదాకా తెలియనిది ఏమిటి, మేం చూసింది ఏమిటి. ఫ్లోరిన్ పీరియాడిక్ టేబుల్‌లో ఎక్కడుందో ఎవరికీ అక్కర్లేదు.

అబ్‌స్ట్రాక్ట్ సాధారణంగా 250 పదాలు. చాలామంది ఎడిటర్లు మొదట చదివేది అదే, కొందరు అంతటితోనే ఆపేస్తారు కూడా. అందులో శాతాలు, అంకెలు ఉండాలి. "ఫలితాలు చర్చించబడ్డాయి" లాంటి ఖాళీ వాక్యాలు ఉండకూడదు. రిఫరెన్సులు చేత్తో టైప్ చేయకుండా జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే జర్నల్ మారినప్పుడు ఒక్క క్లిక్‌తో స్టైల్ మారుతుంది. చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్స్‌ను పబ్‌మెడ్‌లో తెరిచి చూడకుండా పెట్టొద్దు, లేని పేపర్లను ఉన్నట్టు చూపించడం దానికి అలవాటు. భాష దిద్దుకోవడానికి ఏఐ వాడితే జర్నల్ చెప్పిన చోట ఆ మాట రాయండి. దాన్ని ఆథర్‌గా మాత్రం వేయకూడదు.

ఆథర్లు, పేర్లు

ఐసీఎంజేఈ లెక్కలో నాలుగు షరతులూ తీరితేనే ఆథర్: స్టడీ రూపకల్పనలోనో డేటాలోనో గట్టి పాత్ర ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, ఆఖరి ప్రతిని ఒప్పుకోవాలి, పేపర్‌లో ప్రతి మాటకూ జవాబుదారీగా ఉండాలి. శాంపిళ్లు తెచ్చిన ల్యాబ్ టెక్నీషియన్, అనుమతి ఇచ్చిన హెడ్మాస్టర్ అక్నాలెడ్జ్‌మెంట్స్‌లోకి వస్తారు. డిపార్ట్‌మెంట్ హెడ్ కాబట్టి పేరు పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. దాని గురించి పోట్లాడడం పీజీకి కష్టమే. అందుకని స్టడీ మొదట్లోనే గైడ్ సార్ దగ్గర కూర్చుని ఎవరు ఏ పని చేస్తారో, పేర్ల వరస ఎలా ఉంటుందో రాసుకోండి. హెడ్ చేత కూడా ఆ నాలుగు షరతులూ తీరే పని చేయించుకుంటే ఆయనా ఆథరే అవుతారు.

మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది, లేదా ఒక అక్షరంగా మిగులుతుంది. జర్నల్ పోర్టల్‌లో "లాస్ట్ నేమ్" గడిలో ఏం రాస్తే పబ్‌మెడ్‌లో అదే మీ పేరు. మొదటి పేపర్‌లో ఇంటిపేరు పూర్తిగా, రెండోదానిలో ఇనీషియల్ రాస్తే ఇద్దరు వేర్వేరు మనుషులుగా లెక్కకొస్తారు. ఒక రూపం తేల్చుకుని దానితోనే ఆర్కిడ్ ఐడీ, అంటే రచయితను గుర్తించే నంబరు, తీసుకోండి, ఉచితమే.

సబ్మిట్ చేసే రోజు

చాలా జర్నల్స్ ఆథర్ల పేర్లు రివ్యూవర్లకు తెలియకుండా పంపిస్తాయి. అందుకే టైటిల్ పేజీ ఒక ఫైలు, పేపర్ ఇంకో ఫైలు. రెండో దానిలో కాలేజీ పేరు, ఎథిక్స్ నంబరు, అక్నాలెడ్జ్‌మెంట్ ఉండకూడదు. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో మీ పేరు దాక్కుని ఉంటుంది, అదీ తీసేయండి. ఈ ఒక్క కారణంతో ఫైళ్లు రివ్యూకు వెళ్లకుండా వెనక్కి వస్తుంటాయి. ఫొటోలు 300 డీపీఐకి తగ్గకుండా విడి ఫైళ్లుగా ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపుకున్న ఫొటో కుదించుకుపోయి ఉంటుంది, ఫోన్‌లోని అసలుదే వాడండి. టేబుళ్లు బొమ్మలుగా అతికించొద్దు, వర్డ్ టేబుళ్లుగానే ఉండాలి. లైన్ నంబర్లు పెట్టండి.

కవర్ లెటర్ ఒక పేజీ దాటొద్దు. ఏం కనుక్కున్నారు, ఈ జర్నల్ చదివేవాళ్లకు ఎందుకు పనికొస్తుంది, వేరే చోటికి పంపలేదు, ఇది ఫలానా యూనివర్సిటీకి ఇచ్చిన థీసిస్‌లో భాగం అని చెప్పండి. థీసిస్ మాట దాచితే, జర్నల్ కాపీని పట్టుకోవడానికి తీసే సిమిలారిటీ రిపోర్ట్‌లో మీ సొంత వాక్యాలే కాపీగా బయటపడతాయి. ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నల్స్‌కు పంపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. పట్టుబడితే రెండు చోట్లా పోతుంది, కాలేజీకీ ఉత్తరం వెళ్తుంది.

కరస్పాండింగ్ ఆథర్‌గా కాలేజీ మెయిల్ ఇస్తే, పీజీ అయిపోయాక అది మూతపడొచ్చు. ఎప్పటికీ ఉండే మెయిల్ ఇవ్వండి, స్పామ్ ఫోల్డర్ చూస్తుండండి.

జవాబు వచ్చాక

వారంలోపే రిజెక్ట్ అయితే చాలాసార్లు పేపర్ చెడ్డదని కాదు, జర్నల్‌కు సరిపడలేదని. రెండో జర్నల్ ఫార్మాట్‌కు మార్చి పంపేయండి. రివ్యూవర్ల కామెంట్లతో రిజెక్ట్ అయితే మాత్రం అవి దిద్దకుండా ముందుకు పోవద్దు. అదే సబ్జెక్టులో రివ్యూవర్లు కొద్దిమందే, మళ్లీ అదే మనిషి చేతికి వెళ్లొచ్చు.

రివిజన్ అడిగితే ప్రతి కామెంటునూ అక్షరం మార్చకుండా కాపీ చేసి, కింద మీ జవాబు, ఆ కింద మార్చిన వాక్యం, పేజీ నంబరు, లైన్ నంబరు రాయండి. "సరిదిద్దాం" అని వదిలేస్తే రివ్యూవర్ వెతుక్కోవాలి, వెతకడు. ఒప్పుకోని కామెంట్ ఉంటే ఎందుకో మర్యాదగా రాయండి. ఉదాహరణకు "ఎక్స్‌రే ఎందుకు తీయలేదు" అంటే, బడిలో చేసిన సర్వే కాబట్టి పిల్లలకు అనవసరంగా రేడియేషన్ ఇవ్వకూడదనుకున్నామని చెప్పొచ్చు, అది సరైన జవాబే. ఇచ్చిన గడువు చాలకపోతే గడువు దాటకముందే ఎడిటర్‌కు మెయిల్ పెడితే సాధారణంగా పొడిగిస్తారు.

ఆక్సెప్ట్ అయ్యాక ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి పంపే ప్రతి) వస్తుంది, రెండు మూడు రోజుల్లో తిప్పి పంపమంటారు. పేర్లు, కాలేజీ అడ్రస్, టేబుళ్లలో డెసిమల్ పాయింట్లు, మిల్లీగ్రాముకు మైక్రోగ్రాము పడిందేమో చూడండి. కొత్త వాక్యాలు చేర్చడానికి ఇది చోటు కాదు. మీరొక్కరే చూడకుండా, స్టడీతో సంబంధం లేని ఇంకొకరి చేత టేబుళ్లు పైకి చదివించుకుని, మీ ఎక్సెల్ షీటుతో అంకె అంకెకూ పోల్చుకోండి. ఆ ఎక్సెల్ షీటు, ఎథిక్స్ లెటర్, కన్సెంట్ ఫారాలు డిపార్ట్‌మెంట్‌లో ఒక కాపీ అప్పగించి, వాళ్ల సంతకం ఉన్న రసీదు మీ దగ్గర పెట్టుకోండి. పేపర్ వచ్చిన రెండేళ్లకు ఎవరో అసలు డేటా అడిగితే, అప్పటికి మీరు ఇంకో జిల్లాలో డ్యూటీలో ఉంటారు.